బేగంపేటలో పెట్టిన ప్రస్థానం

"బంద్ హోగయా అమ్మా, సబ్ శంషాబాద్ చలాగయా," అంటూ బేగంపేట ఏర్‌పోర్టు గేటు దగ్గరి జవాను చెయ్యి అడ్డంగా ఊపినప్పుడు సరస్వతికి మొదట నవ్వొచ్చింది. ఏర్‌పోర్టు కూడా ఎడ్ల సంత లాగా ఉన్నచోటి నుంచి లేచి ఇంకో ఊరికి పోతుందా? ఆ వెనకే అసలు సంగతి తలకెక్కింది. ఒళ్లో ఉన్న సంచిని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. సంచిలో వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి గంజు ఉంది, సాయంత్రం విశాఖపట్నంలో తమ్ముడి కొత్తింట్లో అందులోనే పాలు పొంగించాలి. విమానం పదకొండింటికి. ముందు సీట్లో కూర్చున్న భర్త కాశీనాథ్ మెడ వెనకభాగం ఒక్కటే కనిపిస్తోంది, ఆ మెడ కొసల నుంచి మెల్లగా ఎర్రబడుతోంది. డ్రైవర్ నర్సన్న ఇండికాను వెనక్కి తిప్పి, రోడ్డెక్కి, సిగ్నల్ దగ్గర ఆగి, ఇక ఆపుకోలేక అననే అన్నాడు.

"నేన్ పొద్దుగాలనే అడిగిన గద సేటూ, శంషాబాద్ గాదా అని."

"నువ్వు బండి నడుపు," అన్నాడు కాశీనాథ్. "టైం ఉన్నది."

టైం ఉన్నది. ఈ మాట విన్నప్పుడల్లా సరస్వతికి ఎడమ కన్ను అదురుతుంది, ఇప్పుడూ అదిరింది. పటాన్‌చెరులో తన డాబా మీద నిలబడి పాతికేళ్లుగా చూసిన విమానాలన్నీ ఈ బేగంపేటలోనే దిగాయి కదా, ఒక్కటీ తన కోసం మిగలకుండా ఎట్లా పోయాయి? మిరపకాయలు ఎండబోసినప్పుడు, వడియాలు పెట్టినప్పుడు, దుప్పట్లు ఆరేసినప్పుడు, అటు ఫ్యాక్టరీ సైరన్ కూసేది, ఇటు నెత్తిమీద విమానం పోయేది. చిన్నవి, గుండ్రంగా తిరుగుతూ ఒకే చోట చక్కర్లు కొట్టేవి దుండిగల్‌లో పిల్లలు నేర్చుకునేవని, పెద్దవి, పొట్ట కిందికి చక్రాలు దింపుకుని ముసలమ్మ కూర్చోబోయినట్టు మెల్లగా వంగేవి బేగంపేటవని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. వేళ్లకు వడియాల పిండి అంటుకుని ఉండగానే కొంగు నెత్తికి అడ్డం పెట్టుకుని చూసేది. లోపల ఒక ఆడమనిషి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది, ఆమెకు నేను కనిపిస్తానా, నేను కాకపోతే నా ఎర్రటి మిరపకాయలైనా కనిపిస్తాయా, అంత పైనుంచి చూస్తే డాబా మీద కుంకుమ ఒలికినట్టు ఉంటుందేమో. ఇవాళ ఆ కిటికీ పక్కన తానే కూర్చోవాలి. కూర్చుంటుందని కాలనీ అంతటికీ తెలుసు. పక్కింటి మొగులమ్మ పొద్దున ఎదురొచ్చి, "అక్కా, మబ్బుల్ల సలి ఉంటదంట, సెట్టరు పెట్టుకున్నవా?" అని అడిగింది. స్వెటర్ పెట్టుకుంది. ఈ మార్చి ఎండలో స్వెటర్ కూడా సంచిలో గంజు చుట్టూ ఉంది.

గంజు, స్వెటర్, కొత్త చీర, మూటగట్టిన పసుపు బియ్యం, ఒక పోకచెక్క. ఈ సంచి తనకన్నా నాలుగు రోజుల ముందే ప్రయాణం మొదలుపెట్టింది. సోమవారం తూర్పుకు పోరాదు, వారశూల. విశాఖపట్నం ఎటు చూసినా తూర్పే. మరి టికెట్టేమో సోమవారానిది. పంతులు పంచాంగం తిప్పి, "దీనికేమున్నదమ్మా, ప్రస్థానం పెట్టుండ్రి," అన్నాడు. మంచి గడియలో ప్రయాణం సంచిని ఇల్లు దాటించి, పోయే దారిలో ఎవరింట్లోనైనా పెడితే చాలు, ప్రయాణం ఆ గడియలోనే మొదలైనట్టు లెక్క. తర్వాత మనిషి ఏ వారం బయల్దేరినా సంచిని తీసుకుని అటునుంచి అటే పోవచ్చు, సంచి మాత్రం మళ్లీ ఇంటి గడప తొక్కకూడదు. అందరూ పక్కింట్లోనో, ఎదురింట్లోనో పెట్టుకుంటారు. మొగులమ్మ ఇంట్లో పెడితే పోయేది. కాశీనాథ్ ఊరుకుంటాడా? "ఏర్‌పోర్టు పక్కనే మన దోస్తు భీమశంకరం ఇల్లున్నది గద. ఆడ పెడితే సగం దూరం సంచే పోతది," అని గురువారం పొద్దున తానే బస్సులో తీసుకెళ్లి బేగంపేటలో భీమశంకరం ఇంటి అల్మారాలో పెట్టి వచ్చాడు. అప్పటికి విమానాలు అక్కడే దిగుతున్నాయి. శంషాబాద్‌ది తెరుస్తారని పేపర్లు రాస్తూనే ఉన్నాయి, ఒకసారి తేదీ అన్నారు, అది కాదన్నారు, మళ్లీ ఇంకో తేదీ అన్నారు. నిన్న తెరవనే తెరిచారు. "అవి ఫారిన్‌వి," అని ఇంట్లో తేల్చేశాడు కాశీనాథ్. "దుబాయికి పోయేటివి ఆడికి పోతయి. మన చిన్న చిన్నయి ఈడనే ఉంటయి. బుద్ధి ఉన్నోడెవడన్న విశాఖపట్నం పోయేటోణ్ణి శంషాబాద్ రమ్మంటడా?" అంత నమ్మకంగా చెప్పేసరికి సరస్వతికి కూడా నిజమేననిపించింది. ఎంతైనా సంచి కూడా బేగంపేటలోనే ఉంది కదా. ఇవాళ పొద్దున భీమశంకరం వాకిట్లో పనిమనిషి చేతి నుంచి దాన్ని అందుకుని నేరుగా గేటు దగ్గరికి వచ్చారు.

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులు, ఆటోలు, నెత్తిన బుట్టతో ఒక ముసలమ్మ, అందరూ వీళ్లకన్నా ముందున్నారు. ముసలమ్మ బుట్టలో జామకాయలు ఉన్నాయి. సరస్వతికి ఆకలి కూడా వేస్తోంది, పొద్దున విమానం సంబరంలో ఏమీ తినలేదు, విమానంలో ఏమైనా పెడతారేమో. బేగంపేట నుంచి శంషాబాద్ ఎంత దూరం? ఎవరిని అడిగినా కిలోమీటర్లు చెబుతారు, కిలోమీటర్లతో ఆమెకేం పని. పప్పు ఎసట్లో వేస్తే మెత్తబడేదాకానా, లేక పాలు తోడేస్తే పెరుగు పేరుకునేదాకానా?

"నర్సన్నా, ఎంతసేపు పడ్తది?"

"గంట పడ్తదమ్మా. మెహదీపట్నంల ఇరుక్కుంటె ఇంకింత."

"ఇశాకపట్నం బోనీకె ఎంతసేపు?"

నర్సన్న అద్దంలో చూసి పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "అది గూడ గంటనే అంట. గీ విమానమేందో, ఎక్కనీకె ఎంతసేపో దిగనీకె గంతసేపు."

గంట ప్రయాణమే గద అక్కా అని తమ్ముడు పాండురంగం కూడా అన్నాడు. సాయంత్రం గోధూళి వేళకు ముహూర్తం, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇక్కడుంటావు, రైల్లో రాత్రంతా నడుం నొప్పి ఎందుకు, టికెట్టు నేను పంపుతున్న అన్నాడు. వాడి గొంతులో చిన్నప్పటి గీర అట్లాగే ఉంది. జహీరాబాద్‌లో నాన్న దుకాణం తక్కెడ ముందు కూర్చోబెడితే కూర్చోకుండా, యంత్రాలంటే పడిచచ్చి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉక్కు కరిగించే నౌకరీ వెతుక్కుని పోయాడు. పోయినవాడు పాతికేళ్లు క్వార్టర్లలోనే ఉండి, ఇన్నాళ్లకు ఇల్లు కట్టాడు. ఇల్లు కట్టినవాడి అక్క రావాలి, ఆడపడుచు పొంగిస్తేనే అవి పాలు, లేకుంటే ఉత్త చాయ్‌కి కాచినట్టే. ఉన్నది తానొక్కతే ఆడపడుచు. వాడికి పాలు పొంగడమంటే చిన్నప్పుడు భయం కూడా, అమ్మ ఈ గంజులోనే పాలు కాచేది, నురగ అంచు దాకా లేస్తే వాడు "అక్కా, అక్కా" అని అరిచేవాడు, తాను ఉఫ్‌మని ఊదేది. నురగ తల దించుకునేది. తనకు అప్పుడు ఎంత గొప్పగా ఉండేదో.

మాసాబ్‌ట్యాంకు దాటాక కాశీనాథ్ చొక్కా జేబులో ఫోన్ మోగింది. వైజాగ్ నుంచే. సరస్వతి చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"ఆ పాండురంగం... ఆ ఆ. లోపలికి పోయింది. ఇప్పుడే పోయింది. నేన్ బయటనే ఉన్న. ఆఁ, నవ్వుకుంట పోయింది."

వెనక సీట్లో లోపలికి పోని సరస్వతి నోరు తెరుచుకుని చూస్తోంది. ఫోన్లోంచి మరదలు విమల గొంతు సన్నగా, తేటగా కారంతా వినిపించింది. "అన్నయ్యా, వదినకు ఇబ్బందైతే పరేషాన్ గావొద్దని చెప్పుండ్రి. మా పిన్ని బిడ్డ ఈడనే ఉన్నది, ముహూర్తానికి పాలు అది పొంగిస్తది."

"ఏం అవసరం లేదమ్మా," అన్నాడు కాశీనాథ్ ఫోన్ పెట్టేస్తూ, ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు.

పిన్ని బిడ్డ. ఎప్పుడూ ఎవరో ఒక పిన్ని బిడ్డ చేతికందే దూరంలో ఉంటుంది, తడి ఆరిన చేతులతో, ఇస్త్రీ చీరతో, సిద్ధంగా. పాండురంగం పెళ్లప్పుడూ అంతే. పెళ్లికూతుర్ని తీసుకుని ఇంటికొచ్చినప్పుడు గడపలో ఆడపడుచు అడ్డం నిలబడాలి. పేర్లు చెబితేనే లోపలికి రానివ్వాలి, వాడు ఆమె పేరు, ఆమె వాడి పేరు, అందరి ముందూ గట్టిగా. దానికోసం సరస్వతి నెల రోజులు తయారైంది. ఒకసారి చెబితే వినపడలేదనాలి, రెండోసారి చెబితే ఇంటిపేరుతో చెప్పమనాలి, మూడోసారి ఏదన్నా చేతిలో పెట్టనిదే పోనివ్వకూడదు. ఆ రోజు పొద్దున సంగారెడ్డిలో తమ గింజల దుకాణం ముందు కుసుమల లారీ ఆగింది. "టైం ఉన్నది. ఒక చాయ్ తాగేంతల దింపుకుంటరు," అన్నాడు కాశీనాథ్. హమాలీలు ఎన్ని చాయ్‌లు తాగారో దేవుడికే తెలియాలి. బస్సెక్కి జహీరాబాద్‌లో దిగి, పట్టుచీర కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని సందు చివర నుంచి పరుగెత్తేసరికి, గడపలో అడ్డం నిలబడి కిలకిల నవ్వుతున్నది పెద్దనాన్న కూతురు. పేర్లు చెప్పడమైపోయింది. లోపలికి పోయారు. గడప మీద బియ్యం చెల్లాచెదురుగా ఉన్నాయి, సరస్వతి వాటిని తొక్కకుండా పక్కనుంచి లోపలికి పోయింది. తమ్ముడి నోట విమల పేరు ఆమె ఈనాటికీ వినలేదు. వాడు పెళ్లాన్ని "ఓయ్" అంటాడు, లేకుంటే "ఇగో" అంటాడు. ఇవాళ మళ్లీ ఒక గడప దొరికింది. కొత్త గడప, పసుపు ఆరని గడప. పాలు పొంగించడం ఒక్కటే కాదు, ముసలి పెళ్లికొడుకునూ ముసలి పెళ్లికూతురునూ ఆ గడపలో ఆపి పేర్లు చెప్పించాలని ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకుంది. ఇంటిపేరుతో సహా.

మెహదీపట్నంలో నర్సన్న చెప్పినట్టే ఇరుక్కున్నారు. నడిరోడ్డు మీద ఏదో వంతెన కోసం స్తంభాలు లేపుతున్నారు, వాటికి రెండువైపులా బండ్లు చిక్కుబడ్డ ఊలు లాగా ఉన్నాయి. ఎక్కడో మసాలా వేగుతున్న వాసన, పండ్ల బండ్ల మీద పుచ్చకాయలు కోసి పెట్టిన తడి వాసన. గంజు సంచిలోంచి మోకాలికి గట్టిగా తగులుతోంది.

"జల్దీ పోనియ్యి నర్సన్నా."

"ఏడికి పోనియ్యాలమ్మా, ఆటోమీదికెల్లి ఎగరాల్నా? రెక్కలున్నది మీరెక్కే బండికి, నా బండికి గాదు."

"మెల్లగనే పోనీ," అన్నాడు కాశీనాథ్. "టైం ఉన్నది."

"ఉన్నది, ఉన్నది!" అంది సరస్వతి. "మీకెప్పుడు లేకుండె? కుసుమల లారీ నాడు ఉండె. పెద్దోడు పుట్టిన్నాడు ఉండె, ఇంకింత ఉంటె ఆటోల్నే పుడుతుండె వాడు. ముప్పై ఏండ్ల సంది ఉన్నది మీకు టైం. ఏడ దాస్తున్నరో జెర చెప్తె నేను గూడ రెండు గంటలు తీస్కుంట."

కాశీనాథ్ మెడ కిటికీ వైపు తిప్పుకున్నాడు. నర్సన్న మాత్రం భుజాలు ఊగిపోతుంటే స్టీరింగు మీదికి వంగి దగ్గాడు. తిట్టాక సరస్వతికి కొంచెం హాయిగా అనిపించింది. ఆ మెడ మీద చెమట కాలర్ లోపలికి దారి చేసుకుంటోంది, దువ్విన వెంట్రుకల కింద ఒక చిన్న పుట్టుమచ్చ. దాన్ని మొదటిసారి చూసింది సైకిల్ మీద వెనక కూర్చున్నప్పుడు. కొత్త కాపురం, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి దుకాణం చూపిస్తానని తీసుకుపోయాడు, అప్పుడు రోడ్డుకి రెండువైపులా జొన్నచేలు, మధ్యమధ్య కొత్తగా లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు. ఎంత దూరం అని ఆమె అడిగితే వచ్చేసింది, వచ్చేసింది అంటూనే తొక్కాడు. కంది ఊరి దగ్గర ఆగి చెరుకురసం తాగించాడు, ఇంకా చాలా దూరం ఉందని అక్కడి మనిషి చెబితే తెలిసింది. కోపం రావాల్సింది, రాలేదు. వచ్చేసింది, వచ్చేసింది అంటుంటే నిజంగానే దగ్గరగా ఉన్నట్టు ఉండింది. దూరాన్ని ఉన్నంత చెప్పడం ఈయన వల్ల కాదు. ఎప్పుడూ కొంచెం తక్కువే తూస్తాడు, దుకాణంలో తక్కెడ మాత్రం రైతు వైపే మొగ్గేలా తూస్తాడు, రైతులు అందుకే ఈయన దగ్గరికి వస్తారు.

అత్తాపూర్ దాటి, ఆరాంఘర్ చౌరస్తా దాటాక ఒక్కసారిగా గాలి వచ్చింది. నర్సన్న బండి ఉరికింది. గుట్టలు, గుట్టల మీద ఒకదానిమీదొకటి కూర్చున్న రాళ్లు, ముగ్గులేసినట్టు తెల్లగీతలు పెట్టిన కొత్త రోడ్డు, నీళ్లు పోసి పోసి నిలబెడుతున్న చిన్న ఖర్జూరం చెట్లు. "అమ్మో, ఎంత నున్నగ ఉన్నదమ్మా," అన్నాడు నర్సన్న గౌరవంగా, "గీ రోడ్డు మీద పెరుగన్నం తినొచ్చు." అప్పుడే ఆ గుట్టల వెనకనుంచి ఒక విమానం లేచింది. ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు, కారు అద్దం నిండిపోయింది, చక్రాలు లోపలికి ముడుచుకోవడం కూడా కనిపించింది. అదేనా? పదకొండు కాలేదు కదా. కాలేదా? అదే అయితే? అందులో కిటికీ పక్కన తన సీటు ఖాళీగా పోతోందా, పిన్ని బిడ్డ చేతులు తుడుచుకుంటోందా? చూస్తుండగానే ఆ విమానం ఎండలో మెరిసి చిన్నదైపోయింది. చిన్నదయ్యాక అది డాబా మీద నుంచి చూసే విమానంలానే ఉంది.

అద్దాలతో కట్టిన అంత పెద్ద ఇంటి ముందు నర్సన్న బండి ఆపాడు. కాశీనాథ్ గబగబా దిగి వెనక తలుపు తీశాడు. పెళ్లయ్యాక ఆమె కోసం ఆయన తలుపు తీయడం ఇదే మొదలు. జేబులోంచి టికెట్టు కాగితం తీసిచ్చాడు, నువ్వు పోగొడతావని ఇన్ని రోజులూ ఆయన దగ్గరే పెట్టుకున్నాడు. తన ఫోన్ కూడా చేతిలో పెట్టాడు.

"నర్సన్న ఫోన్‌కు చెయ్యి. ఆడ అడుగు, సిగ్గుపడకు. లోపల పోలీసోడు ఏమన్నంటె గంజు అని చెప్పు. టైం..." అని ఆగిపోయాడు.

"ఉన్నది," అని ఆమె పూర్తిచేసి, వెనక్కి చూడకుండా సంచి సంకకు ఎత్తుకుని లోపలికి ఉరికింది.

లోపల చల్లగా ఉంది. స్వెటర్ గురించి మొగులమ్మ చెప్పింది నిజమే. నేల అద్దంలా ఉండడంతో చెప్పులు చేతిలోకి తీసుకోవాలేమోనని ఒక క్షణం ఆగి, ఎవరూ తీయలేదని చూసి మళ్లీ ఉరికింది. జనమంతా ఆమెలాగే కొత్తవాళ్లు, పైకి చూస్తూ ఒకరినొకరు గుద్దుకుంటున్నారు. కౌంటర్లో నీలం కోటు వేసుకున్న అమ్మాయి కాగితం తీసుకుని, కంప్యూటర్ చూసి, తల ఎత్తి, "సరస్వతి గారూ," అంది.

ఎవరిని పిలుస్తోందా అని సరస్వతి పక్కకి చూసింది. అక్క, అమ్మ, వదిన, పిన్ని, సేటమ్మ, ఇగో. సరస్వతి అని ఎవరైనా పిలిచి ఎన్నేళ్లయిందో.

"లేటైందా తల్లీ? పోయిందా?"

"మీ ఫ్లైట్ పన్నెండున్నరకు కదమ్మా. ఇంకా చాలా టైం ఉంది," అంది ఆ అమ్మాయి. "విండో సీట్ కావాలా?"

కిటికీ పక్కన సీటు రాసిన చీటీ చేతిలో పెట్టుకుని, సరస్వతి మెల్లగా అద్దాల గోడ దాకా వెనక్కి నడిచింది. బయట ఎండలో, పొమ్మని తరుముతున్న సెక్యూరిటీవాణ్ని పట్టించుకోకుండా, కాశీనాథ్ మునికాళ్ల మీద నిలబడి లోపలికి చూస్తున్నాడు. ఆమె నంబరు నొక్కగానే నర్సన్న చేతిలో ఫోన్ మోగింది, కాశీనాథ్ లాక్కున్నాడు.

"పదకొండు అంటిరి గద?" అంది సరస్వతి.

అద్దం అవతల ఆయన తల గోక్కున్నాడు. "పదకొండు అనుకుంటెనే గద గిప్పటికి తెచ్చిన. పన్నెండున్నర అనుకుంటె ఇంకా పటాన్‌చెరుల ఉంటుంటిమి. నా సంగతి నాకు తెల్వదా?"

"మరి దారిలన్న చెప్పొద్దా?"

"చెప్తనే ఉన్న గదనే, టైం ఉన్నది, టైం ఉన్నది అని. నమ్మినవా?"

ముప్పై ఏళ్లలో ఒక్కసారి నిజమైన మాట. నమ్మలేదు. సరస్వతికి నవ్వు కడుపులోంచి గంజులో పాలలాగా లేచింది, ఊదినా ఆగేది కాదు, సంచి ఊగిపోయేలా నవ్వింది. అవతల ఆయనకు ధైర్యం వచ్చి ఆయనా నవ్వాడు. నవ్వు ఆగాక ఆమెకు ఈ అద్దాల తలుపూ ఒక గడపేననిపించింది. తాను ఇటు, ఆయన అటు. అడ్డం నిలబడడానికి ఏ పెద్దనాన్న కూతురూ లేదు.

"టైం ఉన్నది గద," అంది. "నా పేరు చెప్పుండ్రి. చెప్తెనే విమానమెక్కుత."

"గిదేందే?" కాశీనాథ్ నర్సన్న వైపు చూశాడు. నర్సన్న ఆకాశం వైపు చూశాడు. "గీడనా? గిందరి ముంగటనా?"

"ఇందరి ముంగటనే. ఇంటిపేరుతోని."

కాశీనాథ్ గొంతు సవరించుకున్నాడు. మెడ మళ్లీ కొసల నుంచి ఎర్రబడుతుండగా, కళ్లు నేల మీద పెట్టి, పెదవులు కదిలించాడు. అద్దంలోంచి చూస్తే కనిపించింది, ఫోన్లోంచి వినిపించింది కూడా.

"వినపడలేదు," అంది సరస్వతి.